ఇరవయ్యో తేదీకే అయిపోతున్న జీతం

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు 23,500 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టి నాలుగు వేల వరకు సంపాదిస్తుంది. మాకు ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉన్నారు. నాకు తాగుడు, జూదం లేవు. అయినా ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దాటగానే తోటి ఉద్యోగి దగ్గర మూడు వేలు చేబదులు తీసుకుని, ఒకటో తేదీన తిరిగి ఇస్తున్నాను. అమ్మ ఆపరేషన్‌కు రెండు రూపాయల మిత్తికి తెచ్చిన 50,000 అట్లాగే ఉన్నాయి. పాస్‌బుక్ చూస్తే పెద్ద ఖర్చేదీ కనబడదు. నా ఫోన్ చెల్లింపుల వివరాలు జత చేస్తున్నాను.

జవాబు: మీ పాస్‌బుక్‌లో ఖర్చు కనబడకపోవడానికి ఒక కారణం ఉంది. మీరు చిన్న మొత్తాలను యూపీఐ లైట్ ద్వారా చెల్లిస్తున్నారు. ఆ పద్ధతిలో బ్యాంకు ఖాతా నుంచి ఐదు వందలో వెయ్యో లైట్‌లోకి మారినట్టు మాత్రమే పాస్‌బుక్‌లో నమోదవుతుంది; ఆ తర్వాత చాయ్ బండి దగ్గర, కిరాణం దుకాణంలో ఇచ్చిన పదీ ఇరవై అందులో విడివిడిగా రావు. అవన్నీ ఫోన్ యాప్ చరిత్రలో ఉన్నాయి కాబట్టి, మీరు పంపిన నెల వివరాలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుని లెక్క కట్టాను.

పని రోజులు 26. చాయ్, బిస్కెట్లకు రోజుకు 25 చొప్పున 650 రూపాయలు. షిఫ్టు మధ్యలో మిర్చీ బజ్జీ, కూల్‌డ్రింక్ కలిపి ఇరవై రోజులకు 600. ఇంటికి వెళ్తూ పిల్లలకు కొన్న చిప్స్ ప్యాకెట్లు, చాక్లెట్లకు రోజుకు 40 చొప్పున 1,040. కర్రీ పాయింట్‌లో ఎనిమిది సార్లు కూరలు, సారికి 120 చొప్పున 960. నీళ్ల సీసాలు పది, 200. ఫోన్ డేటా అయిపోయినప్పుడల్లా వేసిన 19 రూపాయల రీచార్జీలు ఐదు, 95. అన్నీ కలిపితే 3,545 రూపాయలు. మీ చేబదులు మూడు వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

మా నాన్నకు దేవరకొండలో ఒకే కిరాణం దుకాణంలో ఉద్దెర ఖాతా ఉండేది. నెలాఖరున సేటు ఆ పుస్తకం తెరిచి, అగ్గిపెట్టె మొదలు ప్రతి వరుసా పైకి చదివేవాడు. పక్కన నిలబడి వింటున్న మా అమ్మ ఎక్కడ ఆగమందో, మరుసటి నెల ఆ వస్తువు తగ్గేది. ఫోన్ ఎత్తి స్కాన్ చేసి వచ్చేస్తున్న మీకు ఆ పుస్తకం చదివి వినిపించేవారు లేరు. అందుకే ఆదివారం రాత్రి మీరిద్దరూ కూర్చుని, ఆ వారం చెల్లింపులను ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాయండి. పావుగంట చాలు.

అన్నీ మానేయమని నేను చెప్పను. చాయ్‌ను అసలు తగ్గించవద్దు. పన్నెండు గంటలు ఇంటి బయట ఉండే మనిషికి ఆ 650 న్యాయమైన ఖర్చు. కర్రీ పాయింట్ విషయంలో కూడా తొందరపడవద్దు. పెళ్లిళ్ల నెలల్లో మీ భార్యకు గిరాకీ ఎక్కువగా ఉన్న సాయంత్రం, వంట మాని ఆమె రెండు జాకెట్లు కుట్టగలిగితే, 120 పెట్టి కూరలు తేవడం లాభమే. కుట్టుపని లేని రోజున తెచ్చిన కూరలే ఆపవలసినవి. అవి ఆపితే కర్రీ పాయింట్ కూరలు నెలకు మూడు సార్లే మిగులుతాయని అనుకుందాం, 360. బజ్జీలను 200కు తగ్గించండి, ఇంటి నుంచి నీళ్లు తీసుకువెళ్లండి, 19 రూపాయల రీచార్జీలు మానేయండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది పిల్లల 1,040. పది రూపాయల ప్యాకెట్ వెనుక బరువు చదవండి. ముప్పై గ్రాములు ఉన్నా కిలో ధర 330 దాటుతుంది. పల్లీ పండే జిల్లాలో ఉంటూ అంత ధర పెట్టి చిప్స్ కొనవలసిన అవసరం లేదు. నెలకు 300 రూపాయల పల్లీలు, బెల్లం తెచ్చి ఇంట్లో పట్టీలు చేసుకుంటే ఇద్దరు పిల్లలకు సరిపోతాయి. నాన్న చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న వాళ్ల ఎదురుచూపును మాత్రం తీసివేయకండి. ఆ పట్టీని మీ చేతితోనే ఇవ్వండి.

ఈ మార్పులతో మీ చిల్లర ఖర్చు 1,510కి వస్తుంది, నెలకు సుమారు రెండు వేలు మిగులుతాయి. మీరు ప్రతి నెలా కొత్తగా అప్పు చేస్తున్నానని అనుకుంటున్నారు గాని, నిజానికి అదే మూడు వేలు తిరుగుతున్నాయి. మొదటి నెల చేబదులు వెయ్యికి తగ్గుతుంది, రెండో నెల అవసరమే ఉండదు. మూడో నెల నుంచి ఆ రెండు వేలు మిత్తి అప్పు అసలుకు వెళ్లాలి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. నెలనెలా ఒకే మొత్తం కట్టే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) ప్రస్తుతం ఇచ్చేది 6.7 శాతం. కాబట్టి అప్పు తీరకముందు పొదుపు ఖాతా తెరవడం నష్టం. ఇప్పుడు మిత్తిగా పోతున్న వెయ్యికి ఈ రెండు వేలు కలిపి నెలకు మూడు వేలు కడితే, మిత్తికి పోయేది తగ్గుతూ, అసలుకు చేరేది పెరుగుతూ 21 నెలల్లో అప్పు పూర్తవుతుంది. ఇప్పటిలా మిత్తి ఒక్కటే కడుతూ పోతే రెండేళ్లలో 24,000 చెల్లించిన తర్వాత కూడా 50,000 బాకీ అట్లాగే ఉంటుంది.

అప్పు తీరిన మరుసటి నెల నుంచి అదే మూడు వేలను ఐదేళ్ల పోస్టాఫీసు ఆర్డీలో వేస్తే, మీరు కట్టిన 1,80,000కు ఇప్పటి వడ్డీ ప్రకారం సుమారు 2,14,000 చేతికి వస్తాయి. పాప పేరున సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా మాత్రం పదేళ్లు నిండకముందే తెరవాలి. ఏడాదికి 250 కట్టినా అది కొనసాగుతుంది.

అప్పు ఇచ్చినవారు నెలకు రెండు వేలు కొద్దికొద్దిగా తీసుకోవడానికి ఒప్పుకోకపోతే, ఐదు నెలలకు పదివేలు కూడబెట్టి ఒకేసారి ఇవ్వండి. అసలుకు ఇచ్చిన ప్రతి రూపాయినీ ప్రామిసరీ నోటు వెనుక తేదీతో చెల్లు వేయించి, వారి సంతకం తీసుకుని, ఆ నోటును ఇరువైపులా ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి.