హెచ్.ఐ.వి. ప్రయోగశాల నుంచి క్యాన్సర్ చికిత్స దాకా

ప్రశ్న: రోగి రక్తకణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స గురించి చదివినప్పుడల్లా అమెరికా శాస్త్రవేత్త కార్ల్ జూన్ పేరు కనిపిస్తోంది. ఆయన మొదటి నుంచీ క్యాన్సర్ మీదే పరిశోధన చేశారా? ఈ చికిత్సలో కీళ్లవాతం మందు కూడా వాడతారట, ఎందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: లేదు. జూన్ అమెరికా నౌకాదళంలో వైద్యుడు. 1980లలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ కేంద్రంలో ఎముక మజ్జ మార్పిడిలో శిక్షణ పొందారు. దాత నుంచి వచ్చిన టి కణాలు (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) రోగిలో మిగిలిన ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలను వేటాడి చంపగలవన్న సంగతి ఆ రంగంలోని వారికి అప్పటికే తెలుసు. అయితే నౌకాదళ పరిశోధనాలయానికి అంటువ్యాధులే ముఖ్యం కాబట్టి, ఆ పరిశోధనాలయం ఉన్న బెథెస్డాకు తిరిగి వచ్చాక ఆయన హెచ్.ఐ.వి. వైపు మళ్ళారు. ఆ వైరస్ నాశనం చేసేది టి కణాలనే. వాటిని శరీరం వెలుపల పెంచి రోగికి తిరిగి ఇవ్వడమెలాగన్నది అక్కడ ఆయన ముందున్న సమస్య. టి కణం చురుకుగా విభజన చెందాలంటే ఒక సంకేతం చాలదు, రెండు కావాలి. ఆ రెండింటినీ ఇచ్చే యాంటీబాడీలను (నిర్దిష్ట లక్ష్యానికే అతుక్కునే ప్రోటీన్లను) సూక్ష్మమైన అయస్కాంత పూసలకు అతికించి, బ్రూస్ లెవీన్‌తో కలిసి ఆయన రూపొందించిన పద్ధతే తరువాత కార్-టి కణాల పెంపకానికి ఆధారమైంది. కణంలోకి కొత్త జన్యువును చేరవేయడానికి ఆయన బృందం వాడిన వాహకం కూడా, రోగం కలిగించే శక్తిని తొలగించిన హెచ్.ఐ.వి. నుంచి తయారైనదే. అందుకే ఆ సంవత్సరాలు క్యాన్సర్‌కు దూరంగా గడిచాయని నేను అనుకోను.

ఘనతంతా ఒక్కరిదేనని చెప్పడమూ న్యాయం కాదు. యాంటీబాడీకి ఉండే గురిని టి కణానికి అమర్చవచ్చని 1989లో చూపినది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన జెలిగ్ ఎష్హార్ బృందం. యాంటీబాడీలను తయారుచేసే బి కణాల మీద, వాటి నుంచి పుట్టే రక్త క్యాన్సర్ల మీద ఉండే సిడి19 అనే ప్రోటీన్‌ను లక్ష్యంగా చేసుకోవడంలో న్యూయార్క్‌లో మిషెల్ సాడెలెయిన్ చేసిన కృషి పెద్దది. టి కణం లక్ష్యాన్ని గుర్తించేందుకు జూన్ బృందం అమర్చిన గ్రాహకం (దాని పేరే కార్) మెంఫిస్‌లో డారియో కాంపానా రూపొందించిన నమూనా మీద ఆధారపడినది.

1999లో కార్ల్ జూన్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వచ్చారు. 2001లో ఆయన భార్య అండాశయ క్యాన్సర్‌తో మరణించారు. 2010లో దీర్ఘకాలిక ల్యుకేమియా ఉన్న ముగ్గురికి ఈ చికిత్స చేసేసరికే నిధులు అయిపోయాయి. ఆ ముగ్గురిలో ఇద్దరిలో వ్యాధి ఆనవాళ్ళే లేకుండా పోయిందని 2011లో ప్రకటించినప్పుడు వైద్యలోకం నివ్వెరపోయింది. ఎక్కించిన కార్-టి కణాలు ఒంట్లో వృద్ధి చెందాయని, ఒక్కో కణానికి కనీసం వెయ్యి క్యాన్సర్ కణాలు చనిపోయాయని వారు లెక్కగట్టారు. పదేళ్ళ తరువాత కూడా ఆ ఇద్దరి రక్తంలో మార్పు చేసిన టి కణాలు కనిపించాయని 2022లో ప్రచురించారు.

ఇక కీళ్లవాతం మందు సంగతి. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో, రక్త క్యాన్సర్ తిరగబెట్టిన ఆరేళ్ళ బాలికకు ఈ కణాలు ఎక్కించారు. కొద్ది రోజులకే తీవ్ర జ్వరంతో, పడిపోయిన రక్తపోటుతో ఆమె వెంటిలేటర్ మీదికి చేరింది. టి కణాలు క్యాన్సర్‌తో పోరాడేటప్పుడు విడుదలయ్యే సైటోకైన్లు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లు) ఒక్కసారిగా ఉప్పెనలా పెరిగిపోవడమే కారణం. రక్తపరీక్షలో వాటిలో ఒకటైన ఇంటర్‌ల్యూకిన్-6 విపరీతంగా ఉన్నట్లు తేలింది. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు కీళ్లవాతానికి వాడతారని జూన్‌కు తెలియడానికి కారణం, ఆయన కుమార్తెకే చిన్ననాటి కీళ్లవాతం ఉండటం. ఆ మందు ఇచ్చిన కొన్ని గంటల్లోనే బాలిక పరిస్థితి కుదుటపడసాగింది, క్యాన్సరూ తొలగిపోయింది. 2017 ఆగస్టు 30న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తొలి కార్-టి చికిత్సకు అనుమతి ఇచ్చిన రోజునే, ఈ ఉపద్రవానికి టోసిలిజుమాబ్ వాడకాన్నీ ఆమోదించింది.

అయితే ఈ విజయాలన్నీ ప్రధానంగా రక్త క్యాన్సర్లలోనివి. సిడి19 ఆరోగ్యకరమైన బి కణాల మీద కూడా ఉంటుంది కనుక అవీ నశిస్తాయి. కానీ అవి లేకపోయినా, అవసరమైనవారికి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీలు) ఎక్కిస్తూ మనిషిని కాపాడవచ్చు. గడ్డలుగా పెరిగే క్యాన్సర్లలో అంత నిరపాయంగా గురిపెట్టగల ప్రోటీన్ దొరకడం కష్టం. పైగా గడ్డ లోపలి వాతావరణం టి కణాలను నీరసింపజేస్తుంది. జూన్ భార్యకు వచ్చిన అండాశయ క్యాన్సర్ ఈ కోవలోనిదే.