నవ్వు గుర్తు పెట్టాను, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు, గార మండలం నుంచి వచ్చే మా తరగతి అమ్మాయి వేదికపై తన ఊరి యాసలోనే మాట్లాడింది. ఎవరో వీడియో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆమె పలికిన 'ఏటి' అనే మాటతో స్టిక్కర్లు చేశారు, ఆమె ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా కూడా తెరిచారు. మొదటి రోజు నేనూ నవ్వు గుర్తు పెట్టాను. వారం రోజులుగా ఆమె కాలేజీకి రావడం లేదు. కల్పించుకుంటే రేపు నా మీద పడతారేమోనని భయం. ఏం చేయాలి?

సలహా: అమ్మా, నవ్వు గుర్తు సంగతి మీరు దాచిపెట్టి ఉత్తరం రాయవచ్చు. దాచలేదు కనుక నేనూ దాని దగ్గరే మొదలుపెడతాను. ఆ గ్రూపులో చాలామంది మీలాగే మనసులో బాధపడుతూ, ఇంకెవరైనా అడ్డు చెబుతారులే అని ఊరుకుని ఉంటారు. 1968లో డార్లీ, లతానే అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. మూర్ఛ వచ్చినట్లు వినిపించిన గొంతును తామొక్కరే వింటున్నామనుకున్న విద్యార్థుల్లో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోగానే సాయం కోసం లేవగా, మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 మంది మాత్రమే లేచారు. మీ గ్రూపులో ఎందరున్నారో లెక్క వేసుకోండి.

ముందుగా గ్రూపులోకి కాదు, ఆమె దగ్గరకు వెళ్ళండి. "మొదటి రోజు నేనూ నవ్వాను, తప్పు చేశాను" అని నేరుగా చెప్పి, ఆ గుర్తు తీసేయండి. ఆమె కోప్పడితే సంజాయిషీ ఇచ్చుకోకుండా వినండి. "పట్టించుకోకు" అనే మాట మాత్రం వద్దు, ఎందుకంటే నలుగురిలో అవమానం పొందిన మనిషికి అది, పట్టించుకోవడమే నీ తప్పు అన్నట్లు వినిపిస్తుంది. యాస మార్చుకోమని కూడా చెప్పకండి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన రోజునే ఆ సభ జరుపుకొని, వేదికపై ఊరి మాట వినిపించగానే వెక్కిరించారంటే, ఆ పిల్లల కంటే సభ పెట్టిన పెద్దల మీదే నాకు ఎక్కువ కోపం వస్తోంది. వెక్కిరించినవారి ఇళ్ళలో అమ్మమ్మలు ఏ యాసలో మాట్లాడతారో వారికీ తెలుసు.

గ్రూపులో వాదన పెట్టుకోనక్కరలేదు. "ఇది బాగోలేదు, తీసేయండి" అని ఒక్క మాట రాస్తే చాలు, అదీ భయమనిపిస్తే అడ్మిన్‌కు విడిగా చెప్పండి. ఎవరు పెట్టిన సందేశాన్నయినా అందరికీ కనబడకుండా తొలగించే వీలు అడ్మిన్‌కు ఉంది. వాట్సాప్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ రిపోర్ట్ చేస్తే, చేసినవారి పేరు అవతలివారికి తెలియదు. అయితే రిపోర్ట్ చేయడానికి ముందే, తేదీలూ దొంగ ఖాతా లింకూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఆమెకు ఇవ్వండి. 2021 ఐటీ నియమాల ప్రకారం దొంగ ఖాతాల వంటి వాటిపై బాధితుల తరఫున మరొకరు కూడా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆమెను అడగకుండా ఏదీ చేయకండి, ఇప్పటికే ఆమెను అడగకుండా చాలా జరిగిపోయాయి. జాలితోనైనా సరే, ఆ వీడియోను ఇంకొకరికి పంపకండి.

పెద్దలకు చెప్పే విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వీడియో సంగతి ఇంట్లో తెలిస్తే ఫోను లాక్కుంటారనో, చదువే మాన్పిస్తారనో ఆమె భయపడుతుండవచ్చు, మన వైపు అది ఉత్త భయం కాదు. అందుకని ఆమె ఒప్పుకుంటే, మీరిద్దరూ కలిసి ముందు వాళ్ళమ్మ గారితో మాట్లాడండి, తప్పు ఎవరిదో మొదటి మాటలోనే చెప్పండి. తర్వాత మరో ఇద్దరు స్నేహితురాళ్ళను కూడగట్టుకుని, మీరు నమ్మే లెక్చరర్ దగ్గరకు వెళ్ళండి. నలుగురు కలిసి వెళితే ఏ ఒక్కరి మీదా పగ పట్టడం అంత సులభం కాదు.

రెండు సందర్భాల్లో మాత్రం ఆమె వద్దన్నా ఆగకూడదు. ఆమె ఫొటోను అసభ్యంగా మార్చారని తెలిస్తే, దాన్ని మీ ఫోనులో దాచుకోకుండా, ఎవరికీ పంపకుండా వెంటనే పెద్దలకు చెప్పండి. పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయి కనుక పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తించవచ్చు. పిల్లల సహాయానికి 1098 నంబరు, ఫిర్యాదుకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉన్నాయి. బతకాలని లేదన్నట్లు మాట్లాడితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకుండా ఆమెను ఒంటరిగా వదలక, ఇంట్లోవారికి తెలియజేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయించండి.

వారం రోజుల పాఠాలు ఆమెకు పోయాయి. నోట్సు పట్టుకుని, ఆదివారం దాకా ఆగకుండా, రేపు సాయంత్రమే ఇంట్లో చెప్పి, ఆమె ఊరి వైపు వెళ్ళే కళింగపట్నం బస్సు ఎక్కండి.