పాత 207కి ఇంజన్, గేర్ బాక్స్: ఏది వేయించాలి?

తమ్ముడూ, నీ టాటా 207 డీఐ పికప్ ఆయిల్ తాగుతోంది, పొగ కక్కుతోంది, సెకండ్ గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారుతోంది. ఆటోనగర్‌లో టాటా సఫారీ కారుది, డైకార్ అనే డీజిల్ ఇంజన్ గేర్ బాక్స్‌తో సహా దొరుకుతోంది, వేయించనా అని అడిగావు. మా దగ్గరా ఇదే బండి, దేవరకొండ వైపు నుంచి బత్తాయి లోడు తోలేది. దానికి రెండూ మార్పించాం. నన్నడిగితే డైకార్ జోలికి పోకు.

2.2 లీటర్లు, 140 హార్స్ పవర్ అంటే ఆశ పుడుతుంది నిజమే. కానీ అది కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటర్ నడిపించే రకం. దాంతో పాటు ఈసీయూ (ఆ కంప్యూటర్ పెట్టె), వైరింగ్, సెన్సార్లు, యాక్సిలరేటర్ పెడల్ దాకా అన్నీ రావాలి. నీ పాత మెకానికల్ డీజిల్ పంపు తేడా చేస్తే పంప్ రూమ్‌కు, అంటే ఆ పంపులు బాగుచేసే షాపుకు తీసుకెళ్తే సరి. డైకార్ మొరాయిస్తే స్కానర్ ఉన్నోడి కోసం వెతుక్కోవాలి. పైగా పవర్ పెరిగినంత మాత్రాన బ్రేకులు పెరగవు కదా.

అసలు ఇంజన్ పోయిందో లేదో ముందు తేల్చుకో. బండి వేడెక్కాక ఇంజన్‌ను స్లోలో ఆడనిస్తూ ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టు. గాలి చేతిని నెట్టేస్తూ పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టే. సైలెన్సర్ నుంచి నల్ల పొగ మాత్రమే అయితే డీజిల్ చిమ్మే నాజిల్స్, పంపు, ఎయిర్ ఫిల్టర్ చూపించు, చవకలో బయటపడొచ్చు. నీలం పొగైతే మాత్రం ఆయిల్ కాలుతున్నట్టు. కంప్రెషన్ కూడా చెక్ చేయించు.

బ్లాకు పగలకుండా ఉంటే నీ ఇంజన్‌కే బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించుకోవడమే నా ఓటు. ఇంజన్ నంబరు మారదు, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మాకు ఆ దారి లేకపోయింది. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకే చిల్లు పడింది. అందుకే అదే 2956 సీసీ ఇంజన్, యాక్సిడెంట్ అయిన ఇంకో 207ది, గేర్ బాక్స్‌తో జతగా తెచ్చుకున్నాం.

జత అని ఎందుకంటున్నానంటే, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు గేర్ బాక్స్‌ను బిగించే డొప్ప) బోల్టులు, ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్ పళ్లు, వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, ఇవన్నీ కలవాలి. వేరే మోడల్ బాక్స్ పెడితే లేత్ షాపులో షాఫ్ట్ కోయించడం, మౌంటింగ్ వెల్డింగ్, ఆ తర్వాత వైబ్రేషన్ టెన్షన్. వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ల రేషియో దానితో కలవకపోతే లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

కొనేముందు మేం ఇలా చూశాం. వెళ్లగానే మానిఫోల్డ్‌ను (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల భాగం) చేత్తో తాకాం, చల్లగా ఉంది. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్ ఎలాగూ హాఫ్ సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, దాన్ని నమ్మొద్దు. తర్వాత గేర్ బాక్స్ ఆయిల్ ట్రేలోకి దింపించాం. ఆయిల్‌లో పసుపు రజను కొద్దిగా మెరిస్తే అది సింక్రో రింగుల (గేరు మెత్తగా పడేలా చేసే రింగులు) అరుగుదల, భరించొచ్చు. అయస్కాంతానికి ఇనుప ముక్కలు అంటుకుంటే పళ్లు విరిగినట్టే, ఎంత చవకైనా వదిలేయ్. సెకండ్ గేర్ జారే నీ బాక్స్‌నూ ఇలాగే చూడు. ఇనుము లేకపోతే విప్పి రిపేరు చేయించుకోవచ్చు, మార్చే పని ఉండదు.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోకు. ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద రిజిస్ట్రేషన్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించాలి. 8 ఏళ్లు దాటిన బండి ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే, నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతావు. అమ్మేవాడి దగ్గర ఇంజన్ నంబరు రాసిన బిల్లు, పాత బండి ఆర్‌సీ కాపీ తీసుకో. అవి ఇవ్వనంటే అది దొంగ బండి సరుకు కావచ్చు, బేరం అక్కడే ఆపేయ్. ఫైనాన్స్ ఉంటే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకో. నంబరు మారాక ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పు.

మూత తీసి చూశాక పొగ ఏ రంగో, గాలి ఎంత నెడుతోందో రాయి.