సాక్ష్యం లేని భక్తి హేతుబద్ధమేనా? పాము మంత్రం వేసిన మా తాతగారి నుంచి నేను తెలుసుకున్నది

సాక్ష్యం లేకుండా దేవుణ్ణి నమ్మడం హేతుబద్ధమేనా అని మీరు అడిగారు. నమ్మడం మొదలుపెట్టిన నాటికి చేతిలో సాక్ష్యం లేకపోవడం నా దృష్టిలో తప్పు కాదు. ఆ నమ్మకానికి విరుద్ధమైన సాక్ష్యం ఎదుటికి వచ్చి నిలిచాక కూడా దాన్ని పట్టుకుని ఉండటమే తప్పు. ఈ అభిప్రాయం నాకు మొదట పుస్తకాల వల్ల కలగలేదు, మా తాతగారిని చూసి కలిగింది.

మాది దివిసీమలో ఒక పల్లె. వరి చేలు, కాలవ గట్లు, గట్ల నిండా ఎలుకల బొరియలు, ఆ ఎలుకల కోసం వచ్చే పాములు. తాతగారు పాము మంత్రం వేసేవారు. గురువు దగ్గర ఉపదేశం పొందినప్పుడు ఇచ్చిన మాట ప్రకారం ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవారు కాదు. ఏ అర్ధరాత్రి తలుపు తట్టినా నూతి దగ్గర నాలుగు చేదల నీళ్లు పోసుకుని, తడిబట్టతోనే వేపమండ పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. వచ్చినవారిలో చాలామంది తెల్లవారేసరికి లేచి నడిచి వెళ్లేవారు. కాబట్టి ఆయన సాక్ష్యం లేకుండా నమ్మారని అనడానికి లేదు. కళ్ల ముందు బతికి వెళ్లినవారే ఆయనకు సాక్ష్యం. నీరుకట్టె, జెర్రిపోతు వంటి విషం లేని పాములు కరిచినవారు ఎలాగూ బతుకుతారనీ, విషసర్పం కాటు వేసినా ఒక్కోసారి విషం లోపలికి దిగదనీ ఆయనకు తెలియదు. మంత్రం వేయకుండా ఉంటే వారిలో ఎందరు బతికేవారో చూసే అవకాశం ఆయనకు ఎన్నడూ రాలేదు.

1986 వర్షాకాలంలో, నేను పదో తరగతి చదువుతున్నప్పుడు, మా వీధిలోని ఒక కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. పశువుల పాకలో చాప మీద పడుకుని, నడిరాత్రి కడుపునొప్పితో లేచాడట. వాపు లేదు, కాటు దగ్గర నొప్పి లేదు, కాలి మడమ దగ్గర సూది గుచ్చినట్టు రెండు చుక్కలు మాత్రం ఉన్నాయి. లాంతరు పట్టుకుని నిలబడింది నేనే. రెండు గంటలు గడిచేసరికి అతని కనురెప్పలు వాలిపోవడం మొదలైంది. కళ్లు తెరవమంటే వేళ్లతో రెప్పలు పైకెత్తుకుని చూశాడు. మాట ముక్కులోంచి రాసాగింది. జీపు దొరికి పట్నం దారి పట్టేసరికి తెల్లవారింది. ఆసుపత్రికి చేరకముందే ఊపిరి ఆగిపోయింది. కట్లపాము కాటు లక్షణాలు సరిగ్గా ఇవేనని తరువాత తెలుసుకున్నాం.

పది రోజుల తరువాత తాతగారు తనంతట తానే పట్నం వెళ్లి డాక్టరు గారిని కలిశారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజెక్షను ఉందనీ, అది ఎంత త్వరగా పడితే అంత మేలనీ విని వచ్చారు. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ఆయన నోట మొదటి మాట "ముందు బండి ఎక్కించండి" అనేదే. తోడు రమ్మంటే తానూ ఎక్కి దారిపొడుగునా మంత్రం చదివేవారు. సంధ్యావందనం గానీ, సాయంత్రం విష్ణుసహస్రనామం గానీ ఒక్క రోజు మానలేదు.

చాలా ఏళ్ల తరువాత, దేన్ని ఎలా నమ్మాలో తర్కంతో విచారించే ప్రాచీన న్యాయదర్శనం చదువుతుండగా ఒకచోట నేను నిలిచిపోయాను. వేదం ప్రమాణమని స్థాపించడానికి గౌతముడి న్యాయసూత్రం మంత్రాన్నీ ఆయుర్వేదాన్నీ పోలికగా చూపుతుంది. దాని మీద భాష్యం రాసిన వాత్స్యాయనుడు విషాన్ని హరించే మంత్రాలు ఫలించడాన్నే ఉదాహరణగా చెబుతాడు. మంత్రం చెప్పినవారు పరీక్షకు నిలిచే విషయంలో నమ్మదగినవారైతే, పరీక్షకు అందని విషయంలోనూ వారి మాట నమ్మవచ్చన్నది ఆ వాదం. విశ్వాసానికి సాక్ష్యం అక్కరలేదని నైయాయికులు, అంటే ఈ న్యాయదర్శనం వారు, అనలేదన్నమాట. సాక్ష్యం కావాలనే అన్నారు, చూపించారు కూడా. అయితే వారు చూపిన ఆ సాక్ష్యమే మా అరుగు మీద కూలిపోయింది.

నాకు ఎక్కువ సబబుగా తోచేది మీమాంసకుల, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే మరో దర్శనం వారి, మాట. ఏ జ్ఞానమైనా దానంతట అదే ప్రమాణమనీ, దాన్ని తోసిపుచ్చే బాధక జ్ఞానం కలిగినప్పుడే అది అప్రమాణమవుతుందనీ కుమారిలభట్టు వాదించాడు. (ఈ మీమాంసకులు జగత్తును సృష్టించిన ఈశ్వరుణ్ణి మాత్రం ఒప్పుకోలేదు, అది గమనించదగ్గ విషయం.) తాతగారు చేసింది అక్షరాలా ఇదే. మంత్రం విషాన్ని దించుతుందన్న నమ్మకానికి బాధకం ఎదురైంది, వదిలేశారు. దైవం ఉందన్న నమ్మకానికి ఆయన దృష్టిలో బాధకం ఎదురుకాలేదు, నిలుపుకున్నారు.

సరిపోని సాక్ష్యంతో దేన్ని నమ్మినా తప్పేనని 1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లండు పండితుడు రాశాడు. ఓడ పాతబడిందని అనుమానం ఉన్నా, ఏమీ కాదని తనకు తాను నచ్చజెప్పుకుని ప్రయాణికులను ఎక్కించిన యజమాని, ఆ ఓడ క్షేమంగా తీరం చేరినా దోషేనంటాడు. ప్రాణాలు ముడిపడిన చోట ఆయన మాటకు తిరుగులేదు. కానీ తాతగారి సహస్రనామం వల్ల ఎవరి ఓడా మునగలేదు. సాక్ష్యంతో ఎటూ తేల్చలేని విషయమై, తేల్చుకోకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమే అయ్యేటప్పుడు, మనసు మొగ్గిన వైపు నమ్మే హక్కు మనిషికి ఉందని 1896లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ ఇచ్చిన జవాబు ఇలాంటి చోటనే వర్తిస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఏ బాధకమూ ఎప్పటికీ చేరలేనంత ఎత్తున నమ్మకాన్ని కూర్చోబెడితే, బాధకం వచ్చేదాకా నమ్మవచ్చన్న ఈ నియమం నుంచి అది సులభంగా తప్పించుకుంటుంది. అందుకే నమ్మేవారిని నేను ఒక్కటే అడుగుతాను: ఏం జరిగితే మీరు మనసు మార్చుకుంటారు? ఏం జరిగినా మార్చుకోనని చెప్పేవారి నమ్మకాన్ని నేను హేతుబద్ధమని అనలేను. నాకు ఇప్పుడు దైవభక్తి లేదు. అయినా తాతగారి భక్తిని అవివేకమని అనడానికి నాకు కారణం కనబడదు.

చనిపోయిన కుర్రవాడి తల్లి ఆ ఏడాది కార్తికంలో దీపం పెట్టలేదు, ఆ తరువాత కూడా పెట్టలేదు. కొడుకును కాస్తాడని ఆమె నమ్మిన దేవుడి విషయంలో ఆమెకు అంతకు మించిన బాధకం అక్కరలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెకు నచ్చజెప్పబోయారు. తాతగారు మాత్రం వారిని వారించారు, ఆమెతో దీపం మాట ఎన్నడూ ఎత్తలేదు.