విషం కథల్లో హంతకుణ్ణి పట్టుకోవాలంటే

నల్లగొండ

బిడ్డా,

పాలమూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. అగాథా క్రిస్టీ నవలల్లో విషం పెట్టి చంపిన కథ ఏది చదివినా హంతకుడు దొరకడం లేదని, ఒక్కసారైనా డిటెక్టివ్ కంటే ముందు పట్టుకోవాలని ఉందని రాశావు. నువ్వు గీసి పంపిన పట్టిక కూడా చూశాను. ప్రాణం పోయిన సమయానికి ఎవరు ఎక్కడున్నారో నిమిషాలతో సహా వేశావు. చాలా శ్రద్ధగా చేశావు. కానీ ఆ పట్టిక కత్తిపోటుకో తుపాకీ గుండుకో పనికొస్తుంది. విషం పెట్టినవాడు ఆ సమయానికి పక్క ఊళ్లో పదిమంది మధ్య కూర్చుని ఉండొచ్చు. ఆ రాత్రి ఇంట్లో లేరని నువ్వు కొట్టేసిన పేర్లన్నీ మళ్లీ రాసుకో.

నువ్వు వెతకాల్సింది చావు ఎప్పుడు జరిగిందని కాదు, విషం ఎప్పుడు కలిసిందని. దానికి విషం స్వభావం తెలియాలి. ఆర్సెనిక్‌కు రుచి ఉండదు. వాంతులు, విరేచనాలతో అచ్చం కలరాలాగే కనిపిస్తుంది. కొద్దికొద్దిగా వారాల తరబడి పెడితే రోగమని నమ్మే డాక్టర్లు కథల్లో బోలెడంతమంది. సైనైడ్ నిమిషాల్లో పని కానిస్తుంది. స్ట్రిక్‌నిన్ అంటే మన నల్లమలలో ముష్టి చెట్టు గింజల్లో ఉండేదే. భరించలేని చేదు. మింగాక మామూలుగా పావుగంట, అరగంటలో ఈడ్పులు మొదలవుతాయి.

ఇలాంటి వివరాలను నమ్మి లెక్క వేయొచ్చా అని నీకు అనుమానం రావచ్చు. క్రిస్టీ విషయంలో నమ్మొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె ఇంగ్లండులోని టార్కీ అనే ఊళ్లో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది, అందుకోసం పరీక్ష కూడా పాసైంది. విషాలతో రోజూ పనిచేసిన మనిషి కాబట్టి ఆమె కథల్లో రోగ లక్షణాలు ఊరికే రావు. పైగా ఆ కాలపు రచయితలకు ఒక నీతి ఉండేది. లోకానికి తెలియని విషం వాడకూడదని, తనూ డిటెక్టివ్ కథలు రాసిన రోనాల్డ్ నాక్స్ 1929లో ఆ కథల కోసం రాసిన నియమాల్లోనే ఉంది. అంటే జవాబు నీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. డాక్టరు లక్షణాలు చెప్పే పేజీని రెండుసార్లు చదువు.

ఇప్పుడు వెనక్కి లెక్క వెయ్యి. సాయంత్రం టీ తాగిన మనిషికి అర్ధరాత్రి దాటాక ఈడ్పులు వచ్చాయనుకో. ఇంట్లో అందరూ టీ కప్పు చుట్టూనే తిరుగుతారు. ఎవరు పోశారు, ఎవరు అందించారు, కప్పు ఎందుకు పగిలింది అని. కానీ స్ట్రిక్‌నిన్ అంతసేపు ఆగదు. నిండు కడుపు కొంత ఆలస్యం చేస్తుందేమో గానీ అన్ని గంటలు కాదు. అంత చేదును పల్చటి టీలో గుర్తుపట్టకుండా తాగడమూ కష్టమే. కాబట్టి ఆ తర్వాత నోట్లోకి ఇంకేదో వెళ్లింది. రోజూ వేసుకునేది కావడం వల్ల ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. నిద్రపొడి, దగ్గుమందు, బలానికి తాగే టానిక్ లాంటివన్నీ వేరే కాగితం మీద రాసుకో.

మందు సీసా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు. మన ఊరి పేరుతోనే ఉన్న నల్లగొండ పద్ధతి నీకు తెలుసు కదా. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక కలిపి వదిలేస్తే తెల్లటి తెట్టె కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేట, కింద మడ్డి. పాతకాలపు మందు సీసాలోనూ ఇలాంటిదే జరగొచ్చు. స్ట్రిక్‌నిన్ కొద్దిగా ఉన్న టానిక్‌లో, అప్పట్లో నిద్రపొడిగా వాడిన బ్రోమైడ్ ఉప్పు పడితే విషం స్ఫటికాలుగా మారి అడుగుకు చేరుతుంది. రోజుకో మోతాదు తాగుతున్నా ఏమీ కాదు. చివరి మోతాదులో మొత్తం విషం వస్తుంది. ఆ బ్రోమైడ్ వేసిన చెయ్యి అప్పటికి ఎన్నో రోజుల కింద, ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటుంది! ఇది ఏ నవలలో ఉందో చెప్పను, నువ్వే చేరుకోవాలి. సీసా ఎప్పుడు కొన్నారు, ఎంత మిగిలింది, కదపకుండా పోశారా లాంటి మాటలు కథలో వస్తే మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టు.

విషం కొన్న రిజిస్టరు గురించీ జాగ్రత్త. ఆర్సెనిక్ అమ్మితే కొన్నవాళ్ల వివరాలు పుస్తకంలో రాసుకోవాలని ఇంగ్లండులో 1851లోనే చట్టం వచ్చింది. అందుకే ఈ కథల్లో సంతకం పెద్ద సాక్ష్యం. కానీ షాపులోని కుర్రాడికి ఆ మనిషి ముందు నుంచీ తెలుసా, లేక గడ్డమూ కళ్లజోడూ చూసి పేరు నమ్మాడా? ఈ ప్రశ్న మర్చిపోకు.

ఆస్తి ఎవరికి వస్తుందన్నది చివరికి వదిలెయ్యి. ఆ ఇంట్లో అందరికీ డబ్బు అవసరమే ఉంటుంది, రచయిత కావాలనే అలా పెడుతుంది. దానికి బదులు, ఆ విషం గురించి ఎవరికి తెలుసో చూడు. నర్సు, డాక్టరు అనే ఉద్యోగం పేరు చూసి ఆగిపోకు. కథ మొదట్లో ఎవరో మాటల మధ్య ఒక వాక్యం అని ఉంటారు, యుద్ధంలో ఆస్పత్రిలో పనిచేశాననో, పురుగుల మందు తనే కలుపుతాననో.

డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టే అధ్యాయం రాగానే పుస్తకం మూసెయ్యి. ఎవరు, దేనిలో, ఎప్పుడు కలిపారో ఒక కాగితం మీద రాసి నాకు పోస్టు చెయ్యి. ఆ తర్వాతే మిగతా పేజీలు తిప్పు. పేరు తప్పినా ఫర్వాలేదు, 'ఎప్పుడు' అన్నది మాత్రం సరిగ్గా రావాలి. అది రాకపోతే ఏ పేజీ దగ్గర దారి తప్పావో కూడా రాయి. ఆ పేజీ నేనూ తీసి చూస్తాను.

మీ పెద్దమ్మ