బాక్స్ గర్డర్‌లో స్లాబు మందం ఎంత పెట్టాలి?

"సాఫ్ట్‌వేర్‌లో బాక్స్ గర్డర్ సెక్షన్ ఇచ్చేటప్పుడు పై స్లాబు, కింది స్లాబు మందం ఎంత పెట్టాలి?" అని ఒకరు అడిగారు. బాక్స్ గర్డర్ అంటే లోపల బోలుగా, పెట్టెలా ఉండే వంతెన దూలం. ముందు సాఫ్ట్‌వేర్ మూసేసి, స్లాబు అడ్డుకోతను రాడ్లు, డక్టులతో (కేబుళ్లు దూర్చే గొట్టాలతో) సహా కాగితం మీద గీయండి. మందం అక్కడ తేలుతుంది.

డిజైన్‌లో చేరిన కొత్తలో ఒక ప్రీస్ట్రెస్డ్ (కేబుళ్లు బిగించి కాంక్రీటును నొక్కి ఉంచే) బాక్స్‌కి స్పాన్ (రెండు స్తంభాల నడిమి భాగం) మధ్యలో కింది స్లాబు 200 మి.మీ. ఇచ్చాను. వెబ్‌ల (బాక్స్ పక్క గోడల) మధ్య ఖాళీ 5 మీటర్లు. అందులో 30వ వంతు ఉంటే చాలన్న లెక్కన 167, కాబట్టి 200 చాలనుకున్నాను. స్ట్రెస్‌లు కూడా సరిపోయాయి. సైట్లో రాడ్లు కట్టే పెద్ద మేస్త్రీ డక్టు ముక్క పట్టుకుని నన్ను పిలిచారు. "బాబూ, ఇది పట్టట్లేదు. కవర్ తగ్గించమంటారా, రాడ్డు తీసేయమంటారా?"

అక్కడే నిలబడి లెక్క వేశాను. కింద కవర్ (రాడ్డుకు బయట ఉండే కాంక్రీటు) 50, పైన 40. అడ్డ రాడ్లు 16వి రెండు వరసలు, 32. మిగిలింది 78. డక్టు బయటి వ్యాసం 85! పొడవు రాడ్లను పక్కకు జరిపినా లాభం లేదు. పైగా గాట్లతో కలిపితే 16 రాడ్డు 16 దగ్గర ఆగదు. ఆయన అడిగిన రెండూ ఒప్పుకోలేనివే. పని ఆపించాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చివరికి లోపలి షట్టరింగ్ లేపి 260 చేశాం. ఆ 60 మి.మీ.కే మీటరు పొడవుకు ముప్పావు టన్ను బరువు పెరిగింది. కేబుళ్ల లెక్క మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఇలాంటివి జరగడానికి ఇంకో కారణం పాత ప్రాజెక్టు సెక్షన్‌ను కాపీ చేసే అలవాటు. ఆ స్పాన్ వేరు, ఆ కేబుల్ వేరు, కొలతలు మాత్రం అవే! హాంచ్‌లను (స్లాబు వెబ్‌ను కలిసే చోట మందం పెంచే ఏటవాలు భాగాలను) మోడల్‌లో వదిలేసేవాళ్లంటే నాకు ఇంకా కోపం. పై స్లాబులో వెబ్ దగ్గరే మొమెంట్ ఎక్కువ, కాంటిలివర్ కేబుళ్లు (స్తంభం నుంచి రెండు వైపులా కడుతూ పోయేటప్పుడు బిగించేవి) కూడా అక్కడే గుమిగూడతాయి.

మీ గర్డర్ లోతు మారేదైతే పియర్ (స్తంభం) వైపు కింది స్లాబును మందం చేస్తూ వెళ్లండి, అక్కడ కంప్రెషన్ అంతా దాని మీదే పడుతుంది. స్పాన్ మధ్యలో, వంపు తిరిగిన కింది స్లాబులోని కేబుళ్లు బిగించగానే కాంక్రీటును కిందికి తోస్తాయి. పై వరస రాడ్లనూ కింది వరసనూ కలిపి పట్టే టై రాడ్లు లేకపోతే స్లాబు పొరగా ఊడుతుంది. ఆ టై రాడ్ల కొక్కేలకు కూడా చోటు వదిలి మందం పెట్టండి.