పాత ఫైళ్లు అప్పుడే తీసేయకు, బిడ్డా

బిడ్డా,

మీ నాన్న పాత ల్యాప్‌టాప్‌లోని పాటలన్నీ వేరే ఫార్మాట్‌లోకి మార్చి, పాతవి తీసేస్తావని నిన్న రాత్రి అక్క ఫోన్లో చెప్పింది. మొదటి సగం విని మురిసిపోయాను. రెండో సగం విన్నాక నిద్ర పట్టలేదు. నల్లగొండ గడియారం స్తంభం దగ్గర పదహారేళ్లు కాసెట్ల దుకాణం నడిపిన మేనమామ ఉండగా ఒక్క మాట అడగవా?

ముందు పని సంగతి. నాన్న అమెరికాలో ఉన్నప్పుడు ఐట్యూన్స్ అనే ఆపిల్ కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో కొన్న పాటల్లో ఫైలు పేరు చివర ఎం4పీ అని ఉన్నవాటికి తాళం ఉంది, అంటే ఆ ఖాతా అనుమతి ఉన్న కంప్యూటర్లలోనే మోగుతాయి. ఎం4ఏ అని ఉన్నవాటికి లేదు. 2009లో ఆ దుకాణం పాటలకు తాళాలు తీసేసింది. కాబట్టి నాన్న ఖాతాతోనే అవే పాటలు మళ్లీ డౌన్‌లోడ్ చేసి చూడు, తాళం లేకుండా రావచ్చు. రానివాటిని ఆడియో సీడీగా రాసుకోనిస్తారు, ఒకే జాబితాను ఏడుసార్ల వరకు. ఆ సీడీ నుంచి ఫ్లాక్‌లోకి ఎక్కించు, అది శబ్దంలో ఏదీ పోగొట్టకుండా దాచే ఫార్మాట్. నాణ్యత పెరుగుతుందని ఆశపడకు, నీళ్లు కలిసిన పాలు గిన్నె మారిస్తే చిక్కబడవు. ఇంకోసారి నీళ్లు కలవకుండా ఉండటానికే ఫ్లాక్. ఎంపీ3 చోటు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేస్తుంది, మళ్లీ దాంట్లోకి మార్చావంటే చిరుతల మోత లాంటి సన్నని చప్పుళ్లు ఇంకా మొద్దుబారతాయి. మా రోజుల్లో కాసెట్ నుంచి కాసెట్‌కు ఎక్కించినకొద్దీ బుసబుస పెరిగేది, ఇక్కడ బుస కూడా ఉండదు గనుక చెడిందని వెంటనే తెలియదు.

నెలనెలా డబ్బు కట్టే యాప్‌లలో దాచుకున్న పాటల జోలికి పోకు. అవి అద్దెవి. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అని 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు. సొంతానికే కదా మామా అంటావు. కావచ్చు. నకిలీ కాసెట్ల కోసం పోలీసులు మా వరుసలో దుకాణాలన్నీ తిరగేసిన రోజు చూసినవాణ్ణి, నా భయం నాది.

ఇప్పుడు అసలు మాట. 1998 బతుకమ్మకు మీ అమ్మమ్మ చేత తొమ్మిది పాటలు పాడించి 60 నిమిషాల కాసెట్‌లో రికార్డు చేశాను. కాసెట్ వీపున రెండు చిన్న పలుకులు ఉంటాయి. విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. ఊరందరి కాసెట్లకూ విరిచి ఇచ్చాను, అమ్మదానికి విరవలేదు. 2005లో దాన్ని సీడీ చేసి, సీడీ నుంచి కంప్యూటర్‌లోకి డబ్ల్యూఎంఏ అనే విండోస్ వాళ్ల పాటల ఫైళ్లుగా ఎక్కించాను. కాపీ కాకుండా రక్షణ అన్న గడిలో టిక్కు ఉంది. రక్షణ అంటే మంచిదే కదా అని వదిలేశాను. సీడీ గీతలు పడి పోయింది. కాసెట్ ఊరికే ఎందుకని దాని మీద ఎవరిదో పెళ్లి బ్యాండు ఎక్కించాను. అమ్మ అప్పుడు వాకిట్లో కూర్చుని పాడుతూనే ఉండేది, కావాలంటే మళ్లీ పాడించుకోవచ్చనుకున్నాను.

2007లో అమ్మ పోయింది. మరుసటి ఏడాది వైరస్ వచ్చి కంప్యూటర్ ఫార్మాట్ చేయించాను. ఫైళ్లు ముందే పెన్‌డ్రైవ్‌లో దాచాను, అంత తెలివి ఉంది. తిరిగి వేసి నొక్కితే లైసెన్సు లేదన్నది. తాళంచెవి ఫైలులో ఉండదట, కంప్యూటర్‌లో వేరే చోట ఉంటుందట. ఫార్మాట్‌తో అది తుడిచిపెట్టుకుపోయింది. మా అమ్మ పాటకు లైసెన్సు ఎవరిని అడగాలి?

అందుకే, మార్చిన ప్రతి పాటనూ చివరిదాకా విను. మొదటి పది సెకన్లు విని సరే అనుకోకు, నీకు ఆ తొందర ఉంది. నాన్న ఖాతా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. ల్యాప్‌టాప్‌ను ఎవరికీ ఫార్మాట్‌కు ఇవ్వకు. రెండు డిస్కుల్లో దాచి, ఒకటి మా ఇంట్లో ఉంచు. చోటు లేదని పాతవి తీసేస్తానంటే డిస్కు నేనే కొనిస్తాను. ఇదంతా రాత్రిళ్లు కూర్చుని చేయకు, అసలే తలనొప్పి అంటున్నావట.

సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు నా పెన్‌డ్రైవ్ నీకిస్తాను. తెరిచిపెట్టమని కాదు, నా దగ్గరకంటే నీ దగ్గర భద్రంగా ఉంటుందని. మూడో ఫైలుకు ‘అమ్మ 3’ అని పేరు పెట్టాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు అని చూపిస్తుంది. అది ఏ పాటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నీ మేనమామ